చెరువుగట్ల కోసం పాత జిప్సీ కొనాలంటే ముందు ఛాసిస్ చూడండి

తమ్ముడుగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అంతర్వేది వైపు ఆరెకరాల రొయ్యల చెరువులు, వానాకాలంలో గట్ల మీద మోటార్‌సైకిల్ కూడా కదలని పరిస్థితి, 2003 మోడల్ మారుతి జిప్సీ కింగ్, అంటే నాలుగు చక్రాలకీ బలం పంపగలిగే చిన్న జీపు, ఒకటి అమ్మకానికి వచ్చింది. కొనొచ్చా అని అడిగారు. బండి యాభై దాటితే స్టీరింగ్ వణుకుతోంది, అది పెద్ద ఖర్చా అన్నారు. ఎప్పుడూ ఫోర్ వీల్‌లోనే పెట్టుకుని తిప్పుకోవచ్చని అమ్మేవాళ్లు చెప్పిన మాట నిజమేనా అన్నారు. పెట్రోలు ఖర్చు భరించలేకపోతే డీజిల్ ఇంజన్ ఎక్కించమని మీ మెకానిక్ సలహా ఇచ్చారట. చివర్లో, 2022 జులై వరదలో బండి రెండు రోజులు నీళ్లలో ఉందని ఒక్క వాక్యం రాశారు. మీరు మామూలుగా రాసేశారు గానీ, నేను మొదట చూసేది ఆ వాక్యమే.

మాది రాజోలు దగ్గర. ఇరవై నాలుగేళ్లుగా జిప్సీలు నడుపుతున్నాను, విప్పి బిగిస్తున్నాను. ఇప్పటికీ ఇంట్లో ఒకటి ఉంది. కొనొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మంచిది దొరికితే మీ పనికి దీన్ని మించిన బండి లేదని నా నమ్మకం. కాకపోతే మన ప్రాంతంలో జిప్సీని చంపేది బురద కాదు, ఉప్పు. బేరానికి వెళ్లేవాళ్లంతా ఇంజన్ శబ్దం వింటారు, సీట్లు చూస్తారు, ఫోర్ వీల్ లివర్ లాగి చూస్తారు. అవన్నీ డబ్బు పెడితే మారిపోయేవే. ఛాసిస్ అలా కాదు.

జిప్సీ కట్టుబడి పాత పద్ధతి. కింద నిచ్చెన పరిచినట్టు రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటిని కలుపుతూ అడ్డపట్టీలు. ఆ నిచ్చెన మీద రబ్బరు బుష్‌లు పెట్టి బాడీని బోల్టులతో బిగిస్తారు. ఇంజన్, గేర్‌బాక్స్, కమాన్ కట్టలు, స్టీరింగ్ బాక్స్ అన్నీ దాన్నే పట్టుకుని ఉంటాయి. ఆ దూలాలు లోపల బోలుగా ఉండే పెట్టెల్లాంటివి, అక్కడక్కడ రంధ్రాలుంటాయి. చెరువుగట్టు మీద టైర్లు చిమ్మే ఉప్పుబురద ఆ రంధ్రాల్లోంచి లోపలికి పోయి పేరుకుంటుంది. పైన పైపుతో నీళ్లు కొడితే బయట శుభ్రంగానే కనిపిస్తుంది. లోపల మాత్రం ఉప్పు గాలిలో తేమని పీల్చుకుంటూ ఎండాకాలంలో కూడా తడిగానే ఉంటుంది. సముద్రం దగ్గరున్న ఊళ్లలో అయితే చెప్పక్కర్లేదు. తుప్పు లోపల మొదలై బయటికి వస్తుంది. మన కంటికి కనిపించేసరికి రేకు మందం సగం పోయి ఉంటుంది.

మూడేళ్ల కిందట మలికిపురం దగ్గర ఒక రైతు, బండి చూసిపెట్టమని నన్ను తీసుకెళ్లారు. కొత్తగా పెయింట్ వేసి ఉంది, కింద ఛాసిస్‌కి కూడా నల్లటి పూత నిగనిగలాడుతోంది. ఆ పూత చూడగానే నాకు అనుమానం వచ్చింది. గోనెసంచి పరుచుకుని కిందకి దూరి, చిన్న సుత్తితో ముందు నుంచి జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ వెనక్కి వచ్చాను. ఇంజన్ కింద, తలుపుల కింద ఖణేల్‌మని మోగింది. వెనక చక్రం మీద ఛాసిస్ పైకి వంగే చోట శబ్దం మారిపోయింది, తడిసిన చెక్క మీద కొట్టినట్టు. స్క్రూడ్రైవర్ మొన పెట్టి అరచేత్తో నొక్కితే పిడి దాకా దిగిపోయింది. లాగితే గోధుమరంగు పెళుసులు అప్పడం ముక్కల్లా రాలాయి, వాటి వెనకే గట్టిపడిన చెరువు మట్టి, ఆ మట్టిలో వేలి గోరంత నత్తగుల్ల ఒకటి. ఆ గుల్ల నా చేతిలో చూసి ఆ రైతు ఇంకేం మాట్లాడలేదు. ఇంటికొచ్చేశాం.

మీరు కూడా అదే చెయ్యండి. ముఖ్యంగా చూడాల్సినవి, వెనక కమాన్ కట్ట చివర దాన్ని వేలాడదీసే షాకిల్ అనే పట్టీ ఛాసిస్‌కి తగిలే చోటు, నేను చెప్పిన ఆ వంపు, ముందువైపు బాడీని బిగించే బాడీ మౌంట్లు, స్టీరింగ్ బాక్స్ బోల్టులు పట్టిన చోటు. పైన రేకు పట్టీ పెట్టి వెల్డింగ్ చేసిన మచ్చ కనిపిస్తే, దాని అంచుల చుట్టూ ఇంకా గట్టిగా కొట్టి చూడండి. సన్నబడిన రేకు మీద మందపాటి పట్టీ వెల్డ్ చేస్తే పట్టీ నిలుస్తుంది, దాని పక్కన చిరుగుతుంది. ఆ నాలుగు చోట్లలో ఏ ఒక్కటి మెత్తబడినా, ధర ఎంత తగ్గించినా వద్దు. లోపలి కాళ్ల దగ్గర ఫ్లోర్ రేకు చిల్లు పడిందంటే పర్వాలేదు, అది కొత్తది వేయించుకోవచ్చు.

ఇక వరద సంగతి. నిలిచిన నీళ్లలో ఉన్న బండికి ఇంజన్ కన్నా ముందు పాడయ్యేవి కింద ఉండే నూనె పెట్టెలు. ముందు ఇరుసుకి ఒకటి, వెనక ఇరుసుకి ఒకటి డిఫరెన్షియల్ (మలుపులో చక్రాల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) హౌసింగ్, మధ్యలో గేర్‌బాక్స్, దాని వెనక బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. వీటికి పైన బ్రీదర్ అని చిన్న గాలి రంధ్రం ఉంటుంది. వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ గాలి వేరే దారి లేక సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. కదలకుండా రెండు రోజులు మునిగిన బండికైతే ఆ తోడుకోవడం కూడా అక్కర్లేదు, నెమ్మదిగా దిగిపోతాయి. ఆ తర్వాత గేర్ ఆయిల్‌లో నీళ్లు కలిసి పాలెక్కువైన టీ రంగులోకి మారుతుంది. డిఫరెన్షియల్లో ఉండే క్రౌన్, పీనియన్ అనే గేర్ల పళ్ల మధ్య నూనె పొర నిలవదు. బేరింగులు మచ్చలు పడతాయి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే వెనక హౌసింగ్ కింది బోల్టు కొంచెం వదులు చేయించి రెండు చెంచాలు గ్లాసులోకి పట్టి చూడండి. ఒప్పుకోకపోతే మీ లెక్కలో నాలుగు ఆయిళ్లు, సీళ్లు, బేరింగులు కలిపి ఖర్చు రాసుకుని ఆ మేరకు ధర తగ్గించమనండి. బండి కొన్న రోజే ఆ నాలుగు చోట్లా ఆయిల్ మార్చేయాలి. డిఫరెన్షియల్స్‌కి హైపాయిడ్ గేర్లకి వాడే జీఎల్-5 రకం పోయించండి, గేర్‌బాక్స్‌కి జీఎల్-4. రెండింటికీ ఒకే డబ్బాలోది పోసే అలవాటు మన షెడ్లలో ఉంది, ఒప్పుకోకండి. బ్రీదర్లకి సన్నటి గొట్టం తగిలించి ఇంజన్ గది పైభాగం దాకా తెచ్చి కట్టించండి. ఖర్చు వందల్లోనే అవుతుంది, బండికి చేయించే పనుల్లో ఇంత లాభం ఇచ్చేది ఇంకోటి లేదు.

ఇంత కష్టపడి ఈ పాత బండే ఎందుకు అని ఇంట్లో అడుగుతారు. జవాబు దాని బరువులో ఉంది. సాఫ్ట్ టాప్ జిప్సీ టన్నుకి కాస్త తక్కువ. ఇప్పుడొస్తున్న ఫోర్ వీల్ బళ్లు చాలావరకు ఒకటిన్నర టన్నులు దాటి ఉంటున్నాయి. మన రేగడి నేల మీద అదే పెద్ద తేడా. జపాన్‌లో సుజుకీ వాళ్లు హోప్ మోటార్స్ అనే చిన్న కంపెనీ నుంచి బుల్లి జీపు హక్కులు కొని, 1970లో 359 సీసీ ఇంజన్‌తో మొదటి జిమ్నీ తెచ్చారు. ఆ వంశంలో ఎస్‌జే410 అనే బండి పొడవు రకాన్ని మారుతి 1985లో ఇక్కడ జిప్సీ పేరుతో మొదలుపెట్టింది. 970 సీసీ, నాలుగు గేర్లు. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. ఆ ముందు వచ్చిన సన్న బళ్లని గట్ల మీద నేను సిఫారసు చెయ్యను, ఒక పక్కకి ఒరిగితే గుండె ఆగిపోతుంది. 1996లో 1298 సీసీ ఇంజన్, అయిదు గేర్లతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో దానికే 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేని రకం) ఇంజన్ పెట్టి 80 హార్స్‌పవర్ చేశారు. మీరు చూస్తున్నది ఆ రకం, అన్నిటిలో మంచిది. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. సైన్యం 1991 నుంచి వేల సంఖ్యలో వాడింది కాబట్టి సామాన్లకి ఇప్పటికీ ఇబ్బంది లేదు, అది చిన్న విషయం కాదు.

అదే బరువు నీళ్లలో ఎదురు తిరుగుతుంది, అది కూడా చెప్పాలి. జిప్సీ ఫ్లోర్ సుమారు నాలుగు చదరపు మీటర్లు అనుకోండి. నీళ్లు ఫ్లోర్‌ని దాటి పైకి లేచే ప్రతి పది సెంటీమీటర్లకీ, లోపలికి నీరు చేరేలోపు, 400 కేజీల బలం బండిని పైకి ఎత్తుతుంది. పాతిక సెంటీమీటర్లకి బండి మొత్తం బరువు పోయినట్టే. టైర్లు నేలని ఆనడమే తప్ప పట్టుకోవు. నిలిచిన చెరువు నీళ్లలో అయితే ఇబ్బంది పడి బయటపడొచ్చు. పారే నీళ్లలో బతకదు. వరద వచ్చినప్పుడు కనకాయలంక కాజ్‌వే లాంటి చోట్ల, ఫోర్ వీల్ ఉంది కదా అని ధైర్యం చేసేవాళ్లని చూశాను. ఫోర్ వీల్ అనేది ఇంజన్ బలాన్ని నాలుగు చక్రాలకి పంచేది మాత్రమే. చక్రం నేలకి ఆనకపోతే పంచడానికి ఏమీ లేదు. చక్రం మధ్యన ఉండే హబ్‌ని మించి పారే నీళ్లుంటే ఆగిపోండి.

ఎప్పుడూ ఫోర్ వీల్‌లో తిప్పుకోవచ్చన్న మాట పూర్తిగా తప్పు. జిప్సీది పార్ట్ టైమ్ పద్ధతి. లివర్ వేస్తే ముందు ఇరుసుకి వెళ్లే షాఫ్టూ వెనక ఇరుసుకి వెళ్లే షాఫ్టూ ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకదానికొకటి గట్టిగా లాక్ అయిపోతాయి, మధ్యలో డిఫరెన్షియల్ లేదు. ఎందుకు తప్పో లెక్కగా చెప్తాను. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా పెద్ద వలయం మీద నడుస్తాయి. జిప్సీకి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య 2,375 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు మధ్యభాగం అయిదు మీటర్ల వలయం మీద తిరిగితే ముందు ఇరుసు దాదాపు అయిదున్నర మీటర్ల వలయం మీద తిరుగుతుంది. మలికిపురం సెంటర్లో ఎడమకి ఒక్క మలుపు తిరిగేలోపు ముందు చక్రాలు వెనకవాటి కన్నా సుమారు 84 సెంటీమీటర్లు ఎక్కువ నడవాలి. లాక్ అయి ఉన్నాయి కాబట్టి నడవలేవు. బురదలో అయితే టైరు జారి ఆ తేడాని మింగేస్తుంది. తారు మీద టైరు జారదు, ఆ మెలికంతా షాఫ్టుల మీద, వాటి చివర కీళ్లలా ఉండే క్రాస్‌ల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ల మీద పడుతుంది. స్టీరింగ్ బిగుసుకుపోవడం, లివర్ వెనక్కి రాకపోవడం అందుకే. అలా ఇరుక్కుంటే బలవంతంగా లాగకండి. రెండు మీటర్లు వెనక్కి నడిపితే మెలిక వదిలి లివర్ దానంతటదే జారి వస్తుంది.

కాబట్టి తారు మీద టూ వీల్. గట్టు ఎక్కే ముందే ‘ఫోర్ హై’, అంటే నాలుగు చక్రాలు, మామూలు వేగం. ఇరుక్కున్నాక వేద్దాం అనుకోకూడదు, ఇరుక్కున్నాక వేస్తే అప్పటికే వెనక చక్రాలు తవ్వుకున్న గుంట నాలుగు చక్రాలకీ అడ్డం. వేగం తగ్గించి బలం పెంచే ‘ఫోర్ లో’ వేయాలంటే బండి ఆపి క్లచ్ తొక్కి వేయాలి. ఇందులో లో గేరు హై కన్నా సుమారు 1.6 రెట్లే, చాలా జీపుల్లో ఇది రెండు, రెండున్నర దాకా ఉంటుంది. అంటే జిప్సీ నత్తనడకన పాకే బండి కాదు. పైగా దాని ఇంజన్ గరిష్ట టార్క్ (తిప్పే బలం) 4,500 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. డీజిల్ జీపు నడిపిన అలవాటుతో ఇంజన్ని మెల్లగా తిరగనిస్తూ నడిపితే బురదలో ఆగిపోతుంది. లో రెండో గేర్‌లో, ఇంజన్ పాడుతూ ఉండగా, ఒకే నిలకడతో పోనివ్వాలి. మొదటి గేరులో యాక్సిలరేటర్ నొక్కితే చక్రాలు తిరిగి తవ్వుకోవడమే.

మన నేల గురించి కూడా కొంచెం. ఇంటర్నెట్‌లో కొండ బాటల వీడియోలు చూసి ఏ టైర్ వేయాలా అని ఆలోచిస్తారు. కొండల్లో బురద కింద రాయి ఉంటుంది, సన్నటి టైరు బురదని కోసుకుని రాయిని పట్టుకుంటుంది. డెల్టాలో కింద పట్టుకోవడానికి ఏమీ లేదు. కొత్తగా తవ్విన చెరువు గట్టు రేగడి, వానకి మోకాలు లోతు జిగురు. అది టైరు గాడుల్లో నిండిపోతే ఏ టైరైనా నున్నటి డ్రమ్మే. గాడులు దూరంగా, లోతుగా ఉండి తిరిగేటప్పుడు మట్టిని విదిల్చుకునే టైరు కావాలి, వెడల్పు మరీ పెంచకండి. బాగా మెత్తగా ఉన్న రోజు రోడ్డు మీద పెట్టే గాలిలో మూడోవంతు తగ్గించండి, నేలకి ఆనే భాగం పెరుగుతుంది. తారు ఎక్కే ముందు మళ్లీ నింపాలి. లంకల్లోకి వెళ్తే ఇసుక, ఒండ్రు. అక్కడ గాలి తగ్గించడం ఇంకా బాగా పనిచేస్తుంది.

జిప్సీ డిఫరెన్షియల్స్ రెండూ మామూలువి, లాక్ ఉండదు. ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూలనున్న చక్రం గాల్లో ఉంటే ఆ రెండే తిరుగుతాయి, మిగతా రెండూ చూస్తూ ఉంటాయి. గట్టు మీద నుంచి అడ్డంగా దించేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. తిన్నగా దించండి. ఇరుసు మధ్య ఉండ నేలకి 210 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అది బురదలో ఆనుకుందంటే ఫోర్ వీల్ ఏమీ చెయ్యలేదు, జాకీ కింద పలక పెట్టి లేపి చక్రం కింద ఏదో ఒకటి వేయాల్సిందే. కోనసీమలో ఉన్నాం కాబట్టి ఆ ఏదో ఒకటి వెతుక్కోనక్కర్లేదు. పచ్చి కొబ్బరి మట్టలు రెండు, మొదలు భాగం టైరు కిందకి వచ్చేలా పెట్టి, మీద రెండు దోసిళ్ల డొక్కలు చల్లండి. ఎండు మట్టలు విరిగిపోతాయి, పనికిరావు. నా బండిలో వెనక సీటు కింద రెండు మట్టలు, ఒక పలక ఎప్పుడూ ఉంటాయి.

ఫోర్ వీల్ గురించి ఆఖరు మాట, ట్రాన్స్‌ఫర్ కేసు. చాలా బళ్లలో ఇది గేర్‌బాక్స్‌కే అతుక్కుని ఉంటుంది. జిప్సీలో విడిగా, ఛాసిస్‌కి రబ్బరు మౌంట్లతో వేలాడుతుంది, గేర్‌బాక్స్ నుంచి దానికి ఒక పొట్టి షాఫ్ట్. ఆ పెట్టె ఒక్కదాన్నే దించి బాగుచేయొచ్చు, గేర్‌బాక్స్ ముట్టుకోనక్కర్లేదు. నాకు ఈ బండిలో అన్నిటికన్నా నచ్చే ఆలోచన ఇదే. కానీ టూ వీల్‌లో ఉన్నా బలం దానిలోంచే పోవాలి, హై గేరులో కూడా 1.4 చొప్పున వేగం తగ్గి మరీ చక్రాలకి చేరుతుంది. ఎనభైలో ఇంజన్ అంత అరవడానికి, మైలేజీ పదీ పన్నెండు దాటకపోవడానికి అది ఒక కారణం. రబ్బరు మౌంట్లు నలిగిపోతే పెట్టె ఊగి, లివర్ దానంతటదే జారిపోతుంది, ఒక వేగం దగ్గర కింద నుంచి గుంయ్‌మని మోత వస్తుంది. అమ్మేవాళ్లు గేర్‌బాక్స్ పోయిందేమో అని భయపడి ధర తగ్గించిన బళ్లు రెండు నేను చూశాను, రెండింటికీ మౌంట్లే మార్చాం. ఆ మూడు షాఫ్టుల క్రాస్‌లకి గ్రీజు పెట్టడం మాత్రం మరిచిపోకండి. ఉప్పునీళ్లలో తిరిగిన ప్రతి వారం పెట్టాలి.

స్టీరింగ్ వణుకు విషయానికి వస్తే, భయపడేంత ఖర్చు కాదు, కానీ వదిలేసే జబ్బూ కాదు. ముందు ఇరుసు చివర గుండ్రటి ఇనుప బంతి ఉంటుంది, దాని మీద చక్రాన్ని పట్టుకునే నకిల్ తిరుగుతుంది. పైనా కిందా కింగ్ పిన్ బేరింగులు, లోపల చక్రం మళ్లినా బలం అందించే సీవీ జాయింట్, అంతా గ్రీజులో. బంతి చుట్టూ రబ్బరూ ఫెల్టూ కలిసిన సీలు ఉంటుంది. అది అరిగితే నీళ్లు, ఇసుక లోపలికి పోయి కింగ్ పిన్ బేరింగులు తినేస్తాయి. అప్పుడు ఒక గుంటలో పడగానే స్టీరింగ్ రెండు పక్కలా కొట్టుకోవడం మొదలుపెట్టి, బండి దాదాపు ఆపితే గానీ ఆగదు. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఆట ఉంటే హబ్ బేరింగో కింగ్ పిన్నో అయి ఉంటుంది. ఒకరిని బ్రేక్ తొక్కమని మళ్లీ ఊపండి. అప్పుడూ ఆట ఉంటే కింగ్ పిన్. దాంతోపాటు స్టీరింగ్ కడ్డీల చివరుండే టైరాడ్ ఎండ్లు, కమాన్ కట్టల బుష్‌లు, టైర్ల బ్యాలెన్సింగ్ చూడాలి. చాలామంది స్టీరింగ్ కుదుపుల్ని మింగే డ్యాంపర్ కొత్తది వేసి వణుకు ఆగిందంటారు. డ్యాంపర్ వణుకుని కప్పిపెడుతుంది, బేరింగ్ లోపల అరుగుతూనే ఉంటుంది. ఈ బండికి కొత్త డ్యాంపర్ కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా ఊపి చూడండి. ఆ బంతి మీద గ్రీజు నల్లగా కాకుండా పలచటి గేర్ ఆయిల్‌లా కారుతుంటే లోపలి ఇరుసు సీలు కూడా పోయిందని.

డీజిల్ ఇంజన్ వద్దు. మీ మెకానిక్ పనిమంతుడే అయి ఉండొచ్చు, అయినా వద్దు. జిప్సీ కింగ్ ఇంజన్ అల్యూమినియంది, తేలిక. దాని స్థానంలో ఇనుప డీజిల్ ఇంజన్ పెడితే బరువంతా ముక్కు మీద పడుతుంది. ముందు కమాన్లు కూర్చుంటాయి, మెత్తటి నేలలో ముందు చక్రాలే మొదట దిగిపోతాయి. ఏ తేలికతనం కోసం ఈ బండి కొంటున్నారో దాన్నే డబ్బిచ్చి పోగొట్టుకున్నట్టు. పైగా రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి భిన్నంగా ఇంజన్ మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది, అనుమతి లేకుండా చేస్తే ఇన్సూరెన్స్ కూడా చేతికి రాకపోవచ్చు. మీరు రోజుకి చెరువుకీ ఇంటికీ తిరిగేది పది, పదిహేను కిలోమీటర్లు. మేత లారీలో వస్తుంది, మీరు మోసేది గట్టు మీద నాలుగు బస్తాలు. పెట్రోలుకే లెక్క కట్టండి, తట్టుకోవచ్చు.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. 2003 బండి అంటే పదిహేనేళ్లు 2018లో అయిపోయాయి. అక్కణ్నుంచి అయిదేళ్లకోసారి రెన్యువల్. ఆర్సీలో ఎప్పటిదాకా ఉందో చూడండి, రెన్యువల్ కాకపోతే అమ్మేవాళ్ల చేతే చేయించండి. ఛాసిస్ మీద కొట్టిన నంబరు ఆర్సీతో సరిపోవాలి. తుప్పు గీకితే గానీ ఆ నంబరు చదవలేని స్థితిలో ఉంటే అది కూడా ఛాసిస్ గురించి మీకు చెప్తున్నట్టే.

కొన్నాక చేయాల్సింది ఒక్కటే నొక్కి చెప్తాను. చెరువు నుంచి వచ్చిన ప్రతిసారీ కింద కడగండి, వారానికి ఒకసారి ఛాసిస్ రంధ్రాల్లోకి సన్నటి పైపు దూర్చి లోపల కూడా. అంతర్వేది వైపు బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడగనట్టే. కాలవ నీళ్లు డ్రమ్ముకి పట్టి ఉంచుకోండి. ఎండాకాలంలో బాగా ఆరిన రోజు చూసి లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం స్ప్రే చేయించండి. కాలిన ఇంజన్ ఆయిల్ పూసే పద్ధతి ఉంది, అది రబ్బరు బుష్‌లని ఉబ్బించి పాడుచేస్తుంది.

శనివారం చూడ్డానికి వెళ్తున్నానన్నారు. పొద్దున్నే వెళ్లండి, వస్తున్నట్టు గంట ముందు ఫోన్ చేయకండి. ఒక చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్, టార్చి, గోనెసంచి, జాకీ పట్టుకెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉంటే మీరే స్టార్ట్ చేయండి, పొగా శబ్దం అప్పుడే నిజం చెప్తాయి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో అడగండి, బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. బానెట్ వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి సిద్ధం చేశారని. అప్పుడు ఇంజన్ ఆపించి, అది చల్లారేలోపు గోనెసంచి పరుచుకుని కిందకి దూరండి. ముందు నుంచి మొదలుపెట్టి వెనక దాకా కొట్టుకుంటూ రండి. వెనక చక్రం దగ్గర శబ్దం ఎలా ఉందో ఇక్కడ రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.